పోర్టు తెరిచిన తర్వాతి రెండు సెకన్లు

ఆర్డుయినో ఊనో అనే, మనం రాసిన ప్రోగ్రామును నడిపే చిన్న సర్క్యూట్ బోర్డుకు ఉష్ణోగ్రత సెన్సరు కలిపి, దాని రీడింగులను నా మొదటి పైథాన్ ప్రోగ్రాములోకి తెచ్చుకోవాలని కూర్చున్నాను. పైథాన్ 'టి' అనే ఒక్క అక్షరం పంపితే, బోర్డు అప్పటి ఉష్ణోగ్రతను ఒక వరుసగా తిరిగి పంపాలి. బోర్డుకు ప్రోగ్రాము రాసి ఎక్కించే ఆర్డుయినో ఐడీఈలో, బోర్డుతో అక్షరాలు ఇచ్చిపుచ్చుకునే సీరియల్ మానిటర్ అనే కిటికీలో ఆ అక్షరం కొట్టిన ప్రతిసారీ జవాబు వచ్చేది. నా ప్రోగ్రాము మాత్రం ఒక వరుసను చదివే రీడ్‌లైన్ అనే ఆదేశం దగ్గరే ఆగిపోయేది.

అంతకుముందు ఎదురైన 'యాక్సెస్ ఈజ్ డినైడ్' ఎర్రరు, సీరియల్ మానిటర్‌ను మూసేయగానే పోయింది. బోర్డుతో మాట్లాడే దారి అయిన పోర్టును ఒక ప్రోగ్రాము తెరిస్తే, విండోస్ దాన్ని మరో ప్రోగ్రాముకు ఇవ్వదు. సమాచారం వెళ్లే వేగమైన బాడ్ రేటు రెండువైపులా 9600గానే ఉంది. కాబట్టి తప్పు అక్కడా లేదు.

పైథాన్‌ను పోర్టుతో కలిపే పైసీరియల్ లైబ్రరీలో, ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పే టైమ్‌అవుట్ ఇవ్వకపోతే, వరుస ముగింపు గుర్తు వచ్చేదాకా రీడ్‌లైన్ ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. టైమ్‌అవుట్‌ను 1 సెకనుగా పెట్టాక తెరమీద బైట్లను సూచించే 'బి' అక్షరం, దాని పక్కన లోపల ఏమీ లేని కొటేషన్ గుర్తులు కనిపించాయి, అంటే ఒక్క బైటు కూడా రాలేదన్నమాట. తప్పు చదవడంలోనే ఉందని అప్పటిదాకా నమ్మిన నాకు, పంపిన అక్షరం అసలు బోర్డుకు అందుతోందా అన్న అనుమానం అప్పుడు కలిగింది.

ఈసారి తెరను వదిలి బోర్డును చూస్తూ ప్రోగ్రామును నడిపాను. పోర్టు తెరుచుకోగానే 'ఎల్' అని రాసి ఉన్న చిన్న లైటు గబగబా మిణుకుమంది. పోర్టు తెరిచినప్పుడు, కంప్యూటర్ సిద్ధంగా ఉందని తెలిపే డీటీఆర్ సిగ్నల్ మారుతుంది. ఊనోలో ఆ సిగ్నల్ ఒక కెపాసిటర్ ద్వారా రీసెట్ పిన్నుకు చేరుతుంది కాబట్టి బోర్డు మొదటినుంచీ మొదలై, కొత్త స్కెచ్ (బోర్డులో నడిచే ప్రోగ్రాము) ఏదైనా ఎక్కించబోతున్నారేమోనని, ముందుగా నడిచే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాము కాసేపు కాచుకుని ఉంటుంది. నేను పంపిన అక్షరం ఆ బూట్‌లోడర్ పాలయ్యేది. సీరియల్ మానిటర్‌లోనూ బోర్డు రీసెట్ అవుతూనే ఉంది, కానీ నా వేలు కీబోర్డు మీదికి వెళ్లేలోపే స్కెచ్ సిద్ధమైపోయేది.

పోర్టు తెరిచాక 2 సెకన్లు ఆగి పంపితే మొదటిసారే ఉష్ణోగ్రత 29.50 అని వచ్చింది. వచ్చినవి బైట్లు కాబట్టి డీకోడ్‌తో అక్షరాలుగా మార్చి, చివరి గుర్తులను స్ట్రిప్‌తో తీసేసి, ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యగా మార్చుకున్నాను. అయితే గుడ్డిగా 2 సెకన్లు ఆగడం నాకు నచ్చలేదు. ఇప్పుడు బోర్డే, స్కెచ్ మొదట ఒక్కసారి నడిచే సెటప్ భాగం చివర 'రెడీ' అనే వరుస పంపుతుంది, అది అందాకే నా ప్రోగ్రాము మొదటి అక్షరాన్ని పంపుతుంది.