కిటికీ లేని గది

మా అమ్మ ముప్పై ఏళ్లు బడిలో సోషల్ చెప్పింది. అగ్నిపర్వతాల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద సుద్దముక్కతో ఓ సున్నా చుట్టి, దానికి ఒకటి రెండు చోట్ల గండ్లు పెట్టి, "ఇదీ గ్రీసులోని సాంటోరిని దీవి. ఈ మధ్యలో ఉన్నదంతా ఒకప్పుడు కొండే. పేలింది, కూలింది, సముద్రం లోపలికొచ్చేసింది" అనేదట. రిటైరయ్యాక ఎక్కడికెళ్దాం అని అడిగితే ఆలోచించకుండా ఆ పేరే చెప్పింది. అలా అమ్మ, చెల్లి, నేను ముగ్గురం క్రూజ్ ఎక్కాం. జులైలో, ఏడు రాత్రులు. ఏథెన్స్ పక్కన పిరేయస్ రేవులో ఎక్కి, మళ్లీ అక్కడే దిగడం. మధ్యలో మైకొనోస్, కుషాదాసి, రోడ్స్, క్రీట్, ఆఖర్న సాంటోరిని.

ఓడ సాంటోరినికి వెళ్లింది. మేమూ అందులోనే ఉన్నాం. కానీ మా అమ్మ సాంటోరిని చూడలేదు. అదెలా జరిగిందో చెప్తాను.

గది ఎంచుకున్నది నేనే. ఓడలో గదులు మూడు రకాలు: బాల్కనీ ఉన్నవి, కిటికీ మాత్రమే ఉన్నవి, అసలేమీ లేనివి. మూడో రకాన్ని ఇన్‌సైడ్ క్యాబిన్ అంటారు. "గదిలో ఎలాగూ పడుకోవడానికేగా ఉండేది" అని అందరూ అనే మాటే నేనూ అని, అది బుక్ చేశాను. లైటు తీస్తే కళ్లు మూసుకున్నా తెరిచినా ఒకటే. మిట్టమధ్యాహ్నం కూడా అర్ధరాత్రిలాగే ఉండేది. పైగా మాది కింది అంతస్తులో, ఓడ ముక్కు దగ్గర. ఓడను రేవుకి ఆనించేటప్పుడు పక్కకి జరపడానికి ముందుభాగం అడుగున అడ్డంగా కొన్ని ప్రొపెల్లర్లుంటాయి, థ్రస్టర్లంటారు. అవి తిరగడం మొదలెడితే మా మంచాల కింద ఎవరో మిక్సీలో రాళ్లు వేసినట్టుండేది. రేవు చేరే ప్రతి రోజూ తెల్లారగట్ల మాకు అదే మేలుకొలుపు.

ఎక్కిన సాయంత్రం అందర్నీ పోగేసి డ్రిల్ చేయించారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే లైఫ్ జాకెట్లతో ఫలానా చోటికి రావాలి అని. టైటానిక్ మునిగాక 1914లో కొన్ని దేశాలు కూర్చుని రాసుకున్న ఒప్పందం నుంచి ఈ నిబంధనలన్నీ మొదలయ్యాయని అమ్మ మా ఇద్దరికీ పాఠం చెప్తుంటే పక్కవాళ్లు ఉష్ అన్నారు. ఆ డ్రిల్‌లోనే ఇంకో మాట కూడా చెప్పారు: మామూలు ప్రకటనలు డెక్కుల మీద, వరండాల్లో వినిపిస్తాయి, గదుల్లో స్పీకర్లు అత్యవసరమైతే తప్ప మోగవు. మంచిదే, నిద్ర చెడదు అనుకున్నాను.

రెండో రోజే మైకొనోస్ పోయింది. డెక్కు మీద కాఫీ తాగుతుంటే కెప్టెన్ గొంతు వినపడింది. గాలి 40 నాట్లు ఉందట, అంటే గంటకి దాదాపు 74 కిలోమీటర్లు. ఆగడం కుదరదు, ఈ రోజంతా సముద్రం మీదే అన్నాడు. అందరూ తలెత్తి ఆకాశం చూశారు. ఒక్క మబ్బు లేదు, కడిగిన గాజులా ఉంది. "ఇదేం తుఫాను? మోసం" అని ఒకాయన గట్టిగానే అన్నాడు. అమ్మ మాత్రం నవ్వింది. దీన్ని మెల్టెమి అంటారట. ఎండాకాలంలో బాల్కన్ల వైపు పీడనం ఎక్కువ, తుర్కియే వైపు తక్కువ, ఆ తేడాకి ఉత్తరాది గాలి ఈ ఏజియన్ సముద్రం మీదుగా రోజుల తరబడి కొడుతుంది. పొడిగాలి కాబట్టి మబ్బుండదు. జులై, ఆగస్టుల్లోనే దాని జోరు.

కెప్టెన్‌ని నేను తప్పుపట్టను. అంత ఎత్తున్న ఓడ పక్క గాలికి తెరచాపలా పనిచేస్తుంది, రేవు గోడకి కొట్టుకుంటే ఎవరు దిక్కు? నాకు మండింది అమ్మినవాళ్ల మీద. జులై ట్రిప్పుకి సాంటోరిని బొమ్మ అట్ట మీద వేసి అమ్ముతారు, జులైలో అక్కడ గాలి ఇలా కొడుతుందని లోపల ఒక్క ముక్క రాయరు. టికెట్ షరతుల్లో మాత్రం, నేను ఆ పూట తీరిగ్గా చదివినదాన్ని బట్టి, రేవులు మార్చే హక్కు, మానేసే హక్కు పూర్తిగా వాళ్లదే. ఆగని రేవుకి కట్టక్కర్లేకపోయిన పన్ను మాత్రం మా ఖాతాలో తిరిగి వేశారు. దాంతో ముగ్గురికీ తలా రెండు కాఫీలొచ్చాయి.

ఆ రోజు డెక్కు మీద కుర్చీ దొరకలేదు. పొద్దున్నే ప్రతి కుర్చీ మీదా ఎవరో తువ్వాలు పరిచేశారు, బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు. ఒకదాని మీద తువ్వాలు, ఓ పుస్తకం, ఒకే ఒక్క చెప్పు. మధ్యాహ్నం వరకూ ఆ చెప్పు అక్కడే ఎండుతోంది. మనిషి రాలేదు. రెండో చెప్పేసుకుని ఎక్కడ కుంటుతున్నాడో అని చెల్లి తెగ నవ్వింది.

రాత్రికి ఆ నవ్వు పోయింది. ఓడ ఊగితే మధ్యలో ఉన్నవాళ్లకి తక్కువ తెలుస్తుంది, ముక్కు దగ్గరున్న వాళ్లం తూగుడుబల్ల చివర కూర్చున్నట్టే. చెల్లి బకెట్ పట్టుకుని కూర్చుంది. నన్ను ఏడిపించింది మాత్రం బీరువా తలుపు. ఓడ పైకి లేచినప్పుడల్లా కిర్రు, దిగినప్పుడల్లా కిర్రు. బల్ల మీదున్న కాగితమేదో తీసి, ఎనిమిది మడతలు పెట్టి సందులో కుక్కితే నోరు మూసుకుంది. ఆ కాగితం సంగతి మళ్లీ వస్తుంది.

తుర్కియేలోని కుషాదాసిలో దిగి, పాత శిథిల నగరం ఎఫెసస్ వెళ్లాం. ఇది నిజంగా బాగుంది. పాతిక వేలమంది పట్టే రాతి థియేటర్ ముందు నిలబడి అమ్మ థియేటర్ చూడలేదు, అవతలి పొలాల వైపు చూసింది. ఒకప్పుడది రేవు పట్నమట. నది తెచ్చిన ఒండ్రు మేటవేసి, సముద్రం కిలోమీటర్ల దూరం జరిగిపోయింది. "రేవుండీ సముద్రం లేదు చూడు" అంది. ఇంకాసేపు ఉండేవాళ్లమే. గైడు మమ్మల్ని తరుముకుంటూ తివాచీల దుకాణానికి తీసుకెళ్లి అక్కడ ముప్పావుగంట కూర్చోబెట్టాడు. రోడ్స్‌లో ఎండ, క్రీట్‌లో నోసోస్ శిథిలాల దగ్గర క్యూ. ప్రతిచోటా అదే లెక్క: ఆగేది ఎనిమిది గంటలంటారు, దిగే వరస, బస్సు, తిరిగి ఎక్కే గడువు తీసేస్తే చేతికి మూడో నాలుగో మిగిలేవి.

సాంటోరిని ముందు రాత్రి అమ్మ త్వరగా పడుకుంది. ఎనిమిదింటికి చేరతామని ప్రోగ్రాం కాగితంలో ఉంది. అక్కడ ఓడలు రేవుకి ఆనవు, లంగరూ వేయవు, అడుగు అంత లోతు. థ్రస్టర్లతోనే నిలబెట్టి జనాన్ని పడవల్లో దించుతారు. ఫోన్లో ఏడున్నరకి అలారం పెట్టాను. ఈలోగానే మంచం కింద మిక్సీ లేపేస్తుందని ధైర్యం.

మిక్సీ తిరగలేదు. అలారానికి లేచి, తయారై, ఎనిమిది దాటాక పైకి వెళ్తే డెక్కంతా ఖాళీ కాఫీ కప్పులు. జనం లోపలికి వెళ్లిపోతున్నారు. వెనక్కి చూస్తే దూరంగా గోధుమరంగు గట్టు, దాని అంచున సున్నం చల్లినట్టు తెల్లటి మరకలు. ఏమైందని అడిగితే చెప్పారు. తెల్లారే సరికి మళ్లీ గాలి. పడవల్లో దించడం ప్రమాదమని కెప్టెన్ ఆరింటికే ప్రకటించాడు. అందరూ చూడాలని ఓడను దక్షిణం వైపు నుంచి లోపలికి తెచ్చి, మధ్యలో ఉన్న నేయా కమేని దీవి పక్కగా నడిపించి, ఉత్తరాన ఓయా అనే ఊరి దగ్గరి సందులోంచి బయటికి తీశాడు. ముప్పావుగంట. ఎక్కడా ఆగలేదు కాబట్టి థ్రస్టర్ల పని పడలేదు. గదిలో స్పీకరు మోగలేదు. మేం ఆ బిలం మధ్యలోంచి నిద్రపోతూ దాటాం.

అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఆ గట్టు వైపే చూస్తూ నిలబడింది. చెల్లి నా వైపు చూడలేదు. పక్కన ఓ పెద్దాయన మా మొహాలు చూసి జాలిపడి, తను తీసిన వీడియో చూపిస్తానని ఫోన్ అందించాడు. అమ్మ కళ్లజోడు సర్దుకుంది. కాసేపు చూసి, "ఆపమను, ఆపమను" అంది. తెర మీద నిట్టనిలువుగా కొండ. వేలితో కింది నుంచి పైకి చూపిస్తూ చెప్పడం మొదలెట్టింది. ఈ నల్లదంతా గడ్డకట్టిన లావా, ఇదిగో ఎర్రది, అన్నిటికన్నా పైన ఈ తెల్లటి పొర ఉందే, అది దాదాపు 3,600 ఏళ్ల కిందటి పేలుడులో రాలిన బూడిద, ప్యూమిస్ అనే తేలికపాటి నురుగురాయి. ఊళ్లు దాని మీదే కట్టుకున్నారు. మధ్యలో ఈ నల్లటి దీవి తర్వాత పుట్టింది, 1950లో కూడా రాజింది. నేను ఇంగ్లీషులో చెప్తూ పోయాను. పెద్దాయన ఫోన్ వెనక్కి తీసుకుని, వీడియో మొదట్నుంచి మళ్లీ చూసి, "అంటే నేను పొద్దున అగ్నిపర్వతం లోపలికి వెళ్లొచ్చానా?" అన్నాడు. అమ్మ అవునని తలూపింది.

అమ్మ ఒక్క మాట అనలేదు. లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు మాత్రం మెల్లగా అడిగింది.

"ఏరా, కిటికీ ఉన్న గది బాగా ఎక్కువా?"

"కాస్త ఎక్కువేనమ్మా" అన్నాను.

ఆ రాత్రి తలుపు కింద నుంచి బిల్లు తోశారు. ఓడలో డబ్బు కనిపించదు, గది కార్డు గీకడమే. రోజుకింత తలకింత టిప్పులు, వైఫై, ఎఫెసస్ బస్సు, చెల్లి వాంతుల మాత్రలు. అన్నీ కలిపితే కిటికీకి కట్టాల్సిన తేడా కంటే ఎక్కువే తేలింది. బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాను, అమ్మకి చూపించలేదు.

పెట్టెలు సర్దుతుంటే చెల్లి బీరువా సందులోంచి నేను కుక్కిన కాగితం లాగి, మడతలు విప్పి చదివి, నా చేతిలో పెట్టింది. టీవీ ఛానెళ్ల జాబితా. మూడో వరసలో: ఓడ ముక్కున బిగించిన కెమెరా, 24 గంటలూ, కెప్టెన్ ప్రకటనలతో సహా. కిటికీ లేని గదుల వాళ్లు రాత్రంతా ఆన్‌లో ఉంచుకోవచ్చు అని కింద రాసుంది.

పెట్టాం. తెర నిండా నలుపు, కింద ఎక్కడో ఓడ అంచు. అమ్మ లైటు తీయమని, దిండు గోడకి ఆనించి కూర్చుంది. నాకు మెలకువ వచ్చేసరికి గదంతా బూడిదరంగు వెలుగు. టీవీలో పిరేయస్ క్రేన్లు ఒక్కొక్కటే తేలుతున్నాయి. అమ్మ అప్పటికే లేచి చూస్తోంది. మంచం కింద మిక్సీ మొదలైంది.

"వచ్చేశాం, లేవండి" అంది.