స్టెరాయిడ్ పూత మందు: ఎంత, ఎక్కడ, ఎన్నాళ్లు

ఎగ్జిమా, సోరియాసిస్ తగ్గకపోవడానికి చాలాసార్లు కారణం మందు కాదు, కొలత. భయంతో పల్చగా రాస్తే మంట ఆరదు, వాడకం నెలల తరబడి సాగుతుంది.

పెద్దవాళ్ల చూపుడువేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబు నుంచి పిండిన మందు సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. ఒక చేయి మొత్తానికి నాలుగు కొలతలు, కాలికి ఎనిమిది.

ముఖం, చంకలు, గజ్జల్లో చర్మం పలచన. అక్కడ 1 శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికపాటివే నయం. క్లోబెటాసోల్ చాలా ఘాటైనది. దాన్ని వరుసగా రెండు వారాలు, వారానికి 50 గ్రాములు దాటనివ్వకూడదు. దాటితే చర్మం పలచబడి చారలు పడతాయి. ఫంగస్ వల్ల వచ్చే తామర మీద స్టెరాయిడ్ రాస్తే ఎరుపు తగ్గినట్టే కనిపించి, లోపల ఫంగస్ పాకుతుంది. దయచేసి డాక్టరు చూడకుండా రాయకండి.

ముఖానికి ఎక్కువ కాలం అవసరమైతే స్టెరాయిడ్ కాని పూత మందు టాక్రోలిమస్ ఉంది. మొదటి కొన్ని రోజులు చురుక్కుమంటుంది. అంతమాత్రాన మానేయక్కర్లేదు, చర్మాన్ని పలచన చేయదు.

పూతలతో లొంగని సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ మాత్ర ఇస్తారు. అది వారానికి ఒక్కసారే! రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి. రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు క్రమం తప్పకూడదు. గర్భిణులు అసలు వాడకూడదు.