రెండో రిపోర్టు

ఫ్లూ అని తేలినప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. రోగం పేరు తెలిసింది, మందు ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను.

మా పాపకు పది నెలలు. సెప్టెంబరులో, యూకేజీ చదివే మా వాడు స్కూలు నుంచి జలుబు తెచ్చాడు. మూడు రోజులకు పాపకు 103 జ్వరం. ఇన్‌ఫ్లుయెంజా ఎ అన్నారు, ఓసెల్టామివిర్ సిరప్ రాశారు. రెండు రోజులకు జ్వరం దిగింది.

దగ్గు దిగలేదు. ఆ రాత్రి పాలు పడితే రెండు గుక్కలు తాగి వదిలేసి ఏడుస్తోంది. గౌను పైకెత్తి చూస్తే డొక్కలు ఎగరేస్తోంది. ఫోన్‌లో టైమర్ పెట్టి ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి 64. రెండు నెలలు దాటి ఏడాదిలోపు ఉన్న పిల్లలకు 50 వచ్చిందంటేనే ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అత్తయ్య వాము మూట వేడి చేయబోతుంటే, "వద్దు అత్తయ్యా, బాబును మీరు చూసుకోండి, మేం వెళ్తున్నాం" అన్నాను.

ఆక్సిజన్ 90 ఉంది. మళ్లీ ముక్కులోంచి శాంపిల్ తీసి, ఈసారి చాలా వైరస్‌లను ఒకేసారి వెతికే పీసీఆర్ ప్యానెల్‌కు పంపారు. సాయంత్రానికి రిపోర్టులో రెండు పాజిటివ్‌లు. ఫ్లూతో పాటు ఆర్‌ఎస్‌వీ అని, చంటిపిల్లల ఊపిరితిత్తులను పట్టే మరో వైరస్. మొదటి టెస్టు ఫ్లూ, కోవిడ్ మాత్రమే చూసేది. వెతకనిది కనపడదు కదా.

మరి మందు వేశాం కదండీ అని అడిగితే డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. ఫ్లూ వైరస్ ఒక కణంలోంచి బయటపడి పక్క కణానికి పాకాలంటే న్యూరామినిడేజ్ అనే ఎంజైము కావాలి. ఓసెల్టామివిర్ దాన్నే అడ్డుకుంటుంది. ఆర్‌ఎస్‌వీకి ఆ ఎంజైమే లేదు. యాంటీబయాటిక్ ఈ రెండింటి మీదా పనిచేయదు. ఆక్సిజన్ పెట్టడం, ముక్కు శుభ్రం చేయడం, ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం, అంతే. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

ఇంటికొచ్చాక చదివాను. 2022లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు ఈ రెండు వైరస్‌లనూ మనిషి ఊపిరితిత్తుల కణాల్లోకి ఒకేసారి ఎక్కిస్తే, కొన్ని చోట్ల రెండూ అతుక్కుని ఒకే వైరస్‌లా తయారయ్యాయట. అది ల్యాబ్‌లో చూసిన సంగతి, మా పాపలో అలా జరిగిందని కాదు. అయినా అలా అతుక్కున్న వైరస్‌ల ఫోటో చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మీ ఇంట్లోనూ ఒక పేరు తేలిపోయిందని ఊరుకోకండి. జ్వరం తగ్గినా ఊపిరి లెక్కపెడుతూ ఉండండి.

పోయిన శనివారం పిల్లలిద్దరికీ ఫ్లూ టీకా మొదటి డోసు వేయించాం. రెండోది నాలుగు వారాలకు. ఆ తేదీ ఫ్రిజ్ మీద రాసి అంటించాను.