ఎండలో వదులు, మంచులో బిగువు

ధ్రువాలకు పోయొచ్చినవాళ్ల పాత సామాన్లు ఎక్కడ వేలానికి వచ్చినా మా తమ్ముడి కొడుకు నా ఫోన్‌కు ఫొటోలు పంపిస్తాడు. వాడు ధర చూస్తాడు, నేను మరలు చూస్తాను. "పెద్దనాయనా, ఈ ఇత్తడి డబ్బాకు అంత రేటా?" అని వాడి ఆశ్చర్యం. మర తల మీద గాడి చెదిరిందా, స్క్రూడ్రైవర్ జారిన గీతలేమన్నా ఉన్నాయా, సన్నగా తిప్పి సరిచేసుకునే టాంజెంట్ స్క్రూ పళ్లు ఏ పక్క అరిగాయి అని నా వెతుకులాట. ఎవరి చేతిలో ఉండిందో పేరు చూసి నమ్మాలి. ఎంత వాడారో మాత్రం వస్తువే చెప్తుంది.

అనంతపురం పాతూరులో మా నాయన సర్వే పరికరాలు రిపేరు చేసేవాడు. ఆయన తర్వాత నేను చేసినాను. ఎత్తుపల్లాలు చూసే కాలువల డిపార్ట్‌మెంటు డంపీ లెవెళ్లు, దుర్భిణితో కోణాలు కొలిచే కాలేజీల థియోడలైట్లు, అక్కడికక్కడే పటం గీసుకునే సర్వేయర్ల ప్లేన్ టేబుళ్లు, ఇంజనీర్ల డ్రాయింగ్ పెట్టెలు, అన్నీ మా బల్ల మీదికి వచ్చేవి. పాత థియోడలైట్ దుర్భిణిలో కనిపించే అడ్డగీత, నిలువుగీత సాలీడు దారంతో వేసినవి. అవి తెగితే మా నాయన చేలగట్ల మీద సాలీళ్లను పట్టి అగ్గిపెట్టెలో తెచ్చేవాడు. ఒంటిపోగు తీసి, లక్కతో అతికించి, ఊపిరి బిగబట్టి బిగించేవాడు. ఆ టైంలో ఇంట్లో ఎవరూ ఫ్యాన్ వేయకూడదు. మే నెలలో కూడా! తర్వాత గీతలు అద్దం మీదే చెక్కి రావడం మొదలైంది, ఆ తర్వాత కోణాన్నీ దూరాన్నీ ఎలక్ట్రానిక్‌గా కొలిచే టోటల్ స్టేషన్లు వచ్చాయి. ఇక మా పని అయిపోయింది.

ఎండాకాలం మా దగ్గరికి వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "ఇరుసు ఊగుతాంది సామీ." ఇత్తడి గూట్లో ఉక్కు ఇరుసు తిరిగే పరికరాల్లో ఇది మామూలే. ఇత్తడి ఉక్కు కన్నా ఎక్కువ సాగుతుంది. మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీకి, ఇత్తడి మిల్లీమీటరులో 19 వేయో వంతులు పెరిగితే ఉక్కు సుమారు 12 పెరుగుతుంది. గూడు పెద్దదై ఇరుసు అంతగా పెరగకపోతే వదులు రాక ఏమొస్తుంది? అదే పరికరాన్ని మంచులోకి తీసుకుపోతే కథ తిరగబడుతుంది. గూడే ఎక్కువ ముడుచుకుని ఇరుసును పట్టేస్తుంది. మన 40 డిగ్రీలకూ అక్కడి మైనస్ 30కీ తేడా 70 డిగ్రీలు. అంగుళం మందం ఇరుసు దగ్గర ఆ తేడా మిల్లీమీటరులో నూరో వంతు పైచిలుకు. వినడానికి ఏమీ లేదు కానీ, మంచి థియోడలైట్‌లో ఇరుసుకూ గూటికీ మధ్య ఉండే సందే అంతకన్నా తక్కువ.

నూనె సంగతి సరేసరి. చలికి అది జిగురైపోతుంది, కాబట్టి తుడిచేసి పొడిగా తిప్పుకోవాలి. పొడిగా తిప్పితే అరుగుతుంది. లెవెల్ గొట్టంలో బుడగ ఎండకు చిన్నదైతే చలికి సాగి గీతలు దాటిపోతుంది. 1911 సెప్టెంబర్ 8న నార్వే యాత్రికుడు అముండ్సెన్ తొందరపడి దక్షిణ ధ్రువానికి బయల్దేరితే, మైనస్ 56 డిగ్రీల చలిలో దిక్సూచిల్లోని ద్రవమే గడ్డకట్టింది. వెనక్కి తిరిగొచ్చేశారు. అదే ధ్రువానికి ఆయనతో పోటీగా వెళ్లిన ఆంగ్లేయుడు స్కాట్ బృందం ఫొటోగ్రాఫర్ పాంటింగ్ నాలుక ఒకసారి కెమెరా లోహానికి తగిలి అక్కడికక్కడే అతుక్కుపోయింది. కంటిని బాగా దగ్గరగా పెట్టి చూడాల్సిన థియోడలైట్ సంగతి ఇక ఊహించుకోండి. ఊపిరి తగిలితే చాలు, అద్దం మీద, సన్న కొలతలు చదివే వెర్నియర్ గీతల మీద మంచు పేరుకుంటుంది.

అందుకే నాకు ఈ ధ్రువ యాత్రల్లో నాయకుల కన్నా స్కాట్ బృందంలోని బోవర్స్ అంటే ఇష్టం. పొట్టివాడు, ముక్కు పొడుగని అందరూ 'బర్డీ' అని పిలిచేవాళ్లు. స్కాట్ దగ్గరికి రాకముందు రాయల్ ఇండియన్ మెరైన్‌లో పనిచేశాడు, బర్మాలో ఇరావతి నది మీద తిరిగాడు. అంటే మన వేడి తెలిసినవాడు. 1912 జనవరి 17న దక్షిణ ధ్రువం దగ్గర, మైనస్ 30 డిగ్రీల చలిలో, గాలిలో, ధ్రువం సరిగ్గా ఎక్కడో తేల్చడానికి థియోడలైట్ నిలబెట్టి సూర్యుణ్ణి పట్టింది ఆయనే. మూడు కాళ్లు పాతాలి, లెవెల్ చేయాలి, సన్నటి మరలు తిప్పాలి. మందపాటి చేతి తొడుగులతో ఆ మరలు తిరగవు. తొడుగు తీస్తే వేళ్లు పోతాయి. మార్చి చివర్లో, తిరుగుదారిలో, గుడారంలోనే చనిపోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు.

అముండ్సెన్ 1911 డిసెంబర్ 14నే అక్కడికి చేరాడు. ఆయన మనుషులు ధ్రువాన్ని ఖాయం చేసుకుంది సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్టంట్‌తో. నా ఉద్దేశంలో అది తెలివైన పని. సెక్స్టంట్ చేతిలో పట్టుకునేది, దానికి స్టాండు అక్కర్లేదు. కాకపోతే దానికి క్షితిజం కావాలి. మంచు మైదానంలో క్షితిజాన్ని నమ్మలేం, అందుకని చిన్న తొట్టిలో పాదరసం పోసి అందులో సూర్యుడి నీడ చూస్తారు. ఆకాశంలో సూర్యుణ్ణి, పాదరసంలో సూర్యుణ్ణి ఒకదాని మీదికి ఒకటి తెచ్చి కోణం చదివితే, అసలు ఎత్తుకు రెట్టింపు వస్తుంది. సగం చేసుకుంటే సరి. ధ్రువం దగ్గర మధ్యాహ్నం అంటూ ఉండదు. సూర్యుడు ఎక్కడు, దిగడు, డిసెంబర్‌లో 23 డిగ్రీల పైచిలుకు ఎత్తులో చుట్టూ తిరుగుతుంటాడు. ఒక్కసారి చూస్తే ఏమీ తేలదు కాబట్టి వాళ్లు 24 గంటలూ గంటగంటకూ చూశారు. ఎత్తు మారకుండా ఉంటే అదే ధ్రువం. చేయాల్సింది చేసి, కొన్ని పరికరాలు అక్కడి గుడారంలోనే వదిలేశారు. నెల తర్వాత వచ్చిన స్కాట్ తన డైరీలో ఆ సామాన్ల పట్టీ రాసుకున్నాడు: అందులో సెక్స్టంట్ ఉంది, క్షితిజం బదులు వాడే కృత్రిమ క్షితిజం ఉంది, నీళ్లు మరిగే వేడిని బట్టి ఎత్తు చెప్పే హిప్సోమీటర్ ఉంది. ఓడిపోయిన రోజున కూడా ఆ మనిషి పరికరాలు లెక్కపెట్టుకున్నాడు చూడండి.

పరికరం ఎంత మంచిదైనా గడియారం ఆగితే సగం గుడ్డిదే. ఉత్తర ధ్రువం వైపు పోయిన నార్వేవాళ్లు నాన్సెన్, యోహాన్సెన్ 1895 ఏప్రిల్‌లో 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరి వెనక్కి తిరిగారు. కొన్నాళ్లకే, అలసిపోయి పడుకుని, ఇద్దరూ గడియారాలకు కీ ఇవ్వడం మరిచిపోయారు. నాలుగు నిమిషాలు తేడా వస్తే రేఖాంశం ఒక డిగ్రీ తప్పుతుంది. ఆ తర్వాత ఏడాదికి పైగా, తాము ఎక్కడున్నామో అంచనా మీదే నడిచారు.

ఇక బొమ్మలు గీసే పెట్టెలు. స్కాట్ బృందంలో విల్సన్ అని డాక్టర్, మంచి చిత్రకారుడు. మంచులో నీళ్ల రంగులు గడ్డకడతాయి, అందుకని బయట పెన్సిల్‌తో గీసి, ఏ చోట ఏ రంగో మాటల్లో రాసుకునేవాడు. గుడిసెకు వచ్చాక దీపం వెలుగులో రంగులు వేసేవాడు. కొండల వరసలు గీయడానికి మంచు వైపు చూసీ చూసీ కళ్లు మండిపోయి కట్టు కట్టుకున్న రోజులున్నాయి. సిరా కలం గుడిసెలోనే పనికొస్తుంది. కాబట్టి ధ్రువ యాత్రికుడి డ్రాయింగ్ పెట్టెలో సిరా పెన్ను నోరు బాగా అరిగి ఉందంటే అతను ఇంటికొచ్చాక ఎంత పని చేశాడో తెలుస్తుంది. డివైడర్ మొనలు అరిగి ఉంటే దారిలో ఎంత లెక్క వేశాడో తెలుస్తుంది. మఖమల్ గుడ్డ మీద వేలు పెట్టి తీసేచోట మాత్రమే పొట్టు లేచిపోయి ఉంటుంది. దాన్ని ఎవరూ దొంగగా తయారు చేయలేరు.

ఇంత దూరం పోనక్కర్లేదు లెండి. మన గుత్తికే ఒక గొప్ప పరికరం వచ్చిపోయింది. మన దేశాన్ని త్రిభుజాలు కట్టి కొలిచిన ఆంగ్లేయ సర్వేయర్ లాంబ్టన్, అర టన్ను బరువున్న పెద్ద థియోడలైట్‌ను 1808లో తంజావూరు గుడి పైకి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది, చక్రం వంకర పోయింది. వేరేవాడైతే పెట్టెలో పెట్టి లండన్ పంపేవాడు. ఆయన డేరాలో కూర్చుని, వారాల తరబడి, కొంచెం కొంచెం లాగుతూ చక్రాన్ని మళ్లీ గుండ్రానికి తెచ్చాడు. 1811లో గుత్తి దగ్గర బేస్‌లైన్, అంటే మిగతా లెక్కలకు ఆధారమైన నేల గీత, కొలిచింది ఆ తర్వాతే, అంటే రిపేరైన పరికరమే రాయలసీమకు వచ్చింది. ఆయన ఉక్కు గొలుసును చెక్క తొట్లలో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, వేడికి ఎంత సాగిందో తీసేసి లెక్క కట్టేవాడు. మా వృత్తికి ఒక గురువును చూపించమంటే నేను ఆయన్నే చూపిస్తాను, దొరతనం సంగతి పక్కన పెట్టి.

మా తమ్ముడి కొడుకు పంపే ఫొటోల్లో నాకు బాధ కలిగించేది ఒకటుంది. కొన్ని పరికరాలు తళతళా మెరుస్తుంటాయి. ఎవరో అమ్మడానికి ముందు బాగా తోమి ఉంటారు. పాత ఇత్తడి మీద లక్క పూత ఉంటుంది, కొలత గీతలున్న పట్టీ మీద వెండి ఉంటుంది. తోమితే రెండూ పోతాయి. మీ ఇంట్లో ఏ రిటైరైన సర్వేయర్ మామదో, ఓవర్సీయర్ తాతదో పెట్టె ఉంటే, దయచేసి చింతపండు పెట్టి తోమకండి. పాత లంగోటీ గుడ్డంత మెత్తని గుడ్డతో దుమ్ము తుడవండి, చాలు. మూత లోపల అతికించిన కాగితం చింపకండి, అందులో చేసినవాడి పేరు, ఊరు ఉంటాయి. అడుగున చిన్న పుల్లలాంటి ఇత్తడి పిన్ను దొరికితే చెత్త అనుకోకండి, అది మరలు సర్దే పిన్ను. దాంతోపాటు ఫీల్డు బుక్కు దొరికితే మాత్రం పెట్టె కన్నా ముందు దాన్నే దాచండి. నాకు చూపించాలనుకుంటే సాయంత్రం నాలుగు దాటాక రండి, ఎండకు ఇరుసు వదులుగా ఉన్నప్పుడు పరికరం చెప్పేది నేనే నమ్మను.