దాసరి పురుగును పెంచి చూశాను: నా అనుభవం

పోయిన ఆగస్టులో మధురవాడలో మా అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ స్థలంలో ఉన్న ఆముదం మొక్కలకు ఈనెలు తప్ప ఆకు మిగల్లేదు. దగ్గరికెళ్ళి చూస్తే నల్లటి పురుగులు, ఒంటి పొడవునా చారలు, తోక దగ్గర ఎర్రటి బుడిపెలు. ఫోటో పంపగానే అమ్మ ఫోన్ చేసింది. "దాసరి పురుగురా అది, మన ఆముదం చేను తినేసింది ఇదే." నామాల పురుగు అని కూడా అంటారు. శాస్త్రీయ నామం అకేయా జనాటా, 1758లోనే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన జాతి.

మూడింటిని ఇంటికి తెచ్చాను. మూత గట్టిగా పెట్టడం నా తప్పు. అసలే మన వైజాగ్ ఉక్కపోత, డబ్బా లోపలంతా చెమ్మ పట్టి రెండో రోజుకే ఒకటి మెత్తబడి చచ్చిపోయింది. చాలా బాధేసింది. అప్పటినుంచి మూతకు బదులు దోమతెర గుడ్డ కట్టి, లేత ఆకు కాడను చిన్న సీసా నీళ్ళలో పెట్టి, సీసా మూతికి దూది కుక్కి, రోజూ రెట్ట తీసేసేవాణ్ణి.

నడక చూడాలి! పొట్ట కింది కాళ్ళలో మొదటి జత బాగా చిన్నది కాబట్టి ఆ చోట నడుం పైకి లేపి, సగం విల్లులా వంగి వంగి పోతుంది.

రెండోది ఉన్నట్టుండి తినడం మానేసింది. దాని తోక వైపు పొట్ట కింద ఒక చిన్న గూడు. నేనేమో అదే ప్యూపా (పురుగు కదలకుండా ఉండి రెక్కల పురుగుగా మారే దశ) అయిపోతోందనుకుని సంబరపడ్డాను, తీరా కొన్ని రోజులకు అందులోంచి చిన్న కందిరీగ బయటికొచ్చింది! పురుగు లోపల పెరిగి దాన్నే చంపే జాతి, ఆముదం రైతుకు పెద్ద సాయం చేసేది ఇదే. నా పురుగు పోయిందన్న దిగులు ఉన్నా, చేను గుర్తొచ్చి ఆ కందిరీగను కిటికీలోంచి వదిలేశాను.

మూడోది ఆకు మడతలో పల్చటి పట్టు అల్లుకుని ప్యూపా అయింది. దాదాపు రెండు వారాలు ఒకటే టెన్షన్, కదిపితే ఏమవుతుందోనని ముట్టుకోలేదు. ఒక రాత్రి కరెంటు పోయి టార్చి వేస్తే, తల్లి పురుగు, అంటే రెక్కలొచ్చిన పురుగు, గుడ్డకు వేలాడుతూ రెక్కలు ఆరబెట్టుకుంటోంది. పై రెక్కలు బూడిద రంగు, అంతే. అవి విప్పినప్పుడు కింది రెక్కలు కనబడ్డాయి, నల్లగా, మధ్యలో తెల్ల పట్టీ, అంచున మూడు పెద్ద తెల్లచుక్కలు. ఇంట్లో అందరినీ లేపేశాను.

డాబా మీద వదిలాను. ఈ వానాకాలం గుడ్లు వెతుకుతున్నాను, ఆకు మీద ఒక్కొక్కటిగా పెడుతుందట.