గొలుసు, తోటికోడలు, నేను

కూతురి పెళ్లికని మా పెద్ద తోటికోడలు నా మూడు సవర్ల గొలుసు అడిగి తీసుకెళ్లింది. పెళ్లయ్యాక అది తాకట్టులో ఉందని, వడ్డీ కట్టక వేలానికి కూడా పోయిందని బయటివాళ్లు చెబితే తెలిసింది. ఇద్దరిదీ ఒకే చర్చి సంఘం. ఆరాధన ముగిశాక అందరికీ వందనాలు చెప్పుకుంటూ ఆమె నా వైపు వస్తుంటే, నేను వంగి చెప్పులు వెతుక్కునేదాన్ని.

"క్షమించెయ్యమ్మా, బంగారమే కదా" అన్నవాళ్లు చాలామంది. పోయింది వాళ్ల బంగారం కాదు మరి.

పాస్టరమ్మగారు మాత్రం బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయం తీయమన్నారు. తప్పు చేసిన సహోదరుడితో ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి, అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మన దగ్గర ఈ వరుస తలకిందులుగా నడుస్తుంది. ముందు సంఘమంతా మాట్లాడుకుంటుంది, అసలు మనిషికి ఆఖరున తెలుస్తుంది.

నేను వెళ్లేసరికి ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. "అక్కా, గొలుసు సంగతి నాకు తెలిసింది. నీ నోట విందామని వచ్చాను" అన్నాను. చేట మీంచి తల ఎత్తకుండానే "ఇంట్లోవాళ్ల మధ్య లెక్కలేమిటే" అంది. గొడవపడకుండా వచ్చేశాను. తరువాత మా ఆడపడుచునూ ఒక సంఘ పెద్దనూ తీసుకుని వెళ్లాను. అప్పుడు బయటపడింది: పెళ్లివారు ఆఖరు నిమిషంలో అదనంగా డబ్బు అడిగారట. ఆమె ఏడ్చింది. నా కోపం సగమే తగ్గింది. అందుకు నేనేమీ సిగ్గుపడలేదు. బైబిల్లో యోసేపు మాత్రం, తనను అమ్మేసిన అన్నలు ధాన్యం కోసం వస్తే, మొదటిరోజే తానెవరో చెప్పాడా? తమ్ముడు బెన్యామీను బదులు తాను దాసుడిగా ఉంటానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చేదాకా ఆగాడు.

అసలు చిక్కు ధర దగ్గర వచ్చింది. ఆమె తాకట్టు పెట్టిన నాటి రేటు కడతానంది. ఈలోగా బంగారం ధర ఎక్కడికో పోయింది. అరువు తెచ్చుకున్న పశువుకు హాని జరిగితే తెచ్చుకున్నవాడే నష్టం ఇచ్చుకోవాలని నిర్గమకాండం 22లో ఉందని సంఘ పెద్ద గుర్తుచేసి, డబ్బు లెక్క వదిలేసి తూకం లెక్క చూసుకోమన్నారు. మూడు సవర్ల బంగారం ఆమె ఇవ్వాలి, తరుగూ మజూరీ నేను వదులుకోవాలి. క్షమాపణలో నా జేబుకు తగిలిన భాగం అదే, తక్కువేమీ కాదు. ఆమె చీటీ పాడి కొంత బంగారం కొనిచ్చింది, మిగతాది విడతలుగా ఇస్తోంది.

పండుగ వంటలు మళ్లీ కలిసే చేసుకుంటున్నాం. "అక్కా, నగలు మాత్రం ఇంకెప్పుడూ అడగకు, ఇవ్వను" అని మొన్న ఆమెతోనే చెప్పేశాను.

"నీ చోట నేనున్నా ఇవ్వనులే" అంది.