కలిగిరి పల్లెవెలుగులో ఇంటికి

అమ్మ ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం కలుపుకుంటున్నా. 2025 మే 8, గురువారం. "చిన్నోడికి పిలుపొచ్చింది. రేపు సాయంత్రం పోతుండాడు. వస్తే రా, రాకపోతే నీ ఇష్టం" అని పెట్టేసింది. ఆరేళ్ళలో మా అమ్మ నన్ను ఊరికి రమ్మనడం అదే మొదలు, అదీ ఇలా.

చిన్నోడంటే మా తమ్ముడు. బీఎస్‌ఎఫ్‌లో హెడ్ కానిస్టేబుల్, జమ్మూ వైపు ఉంటాడు, సరిగ్గా ఎక్కడో ఎప్పుడూ చెప్పడు. ఏప్రిల్ 20న నెల సెలవు మీద ఇంటికొచ్చాడు. వాడొచ్చిన రెండు రోజులకే పహల్గాం దాడి. అప్పటినుంచీ రోజూ నాకు ఫోన్ చేసి రారా రారా అంటూనే ఉన్నాడు, నేనే ఏదో ఒక సాకు చెప్తూ వచ్చా. అసలు కారణం వాడికీ తెలుసు. అన్న ఉన్న ఇంటికి నేను పోను. అంతే.

రైలు టికెట్ దొరకలేదు. మే నెలలో హైదరాబాద్ నుంచి నెల్లూరు వైపు ఆ రోజుకి ఆ రోజు టికెట్ కావాలనుకోవడం అత్యాశే. ఎల్‌బీ నగర్‌లో ప్రైవేటు బస్సు ఎక్కా. ముందు సీట్లో కుర్రాడు ధర్మశాలలో జరుగుతున్న పంజాబ్, ఢిల్లీ మ్యాచ్ చూస్తున్నాడు, నేను వాడి భుజం మీదుగా దొంగచూపులు చూస్తున్నా. చౌటుప్పల్ కూడా దాటామో లేదో, గ్రౌండ్‌లో ఒకవైపు లైట్లు ఆరిపోయాయి. కరెంటు పోయిందనుకున్నాం. కాసేపటికి మ్యాచ్ ఆపేశారని, జమ్మూ మీదికి డ్రోన్లు వచ్చాయని, ఊరంతా చీకటి చేశారని వచ్చింది. ఇక బస్సులో ఎవరి ఫోన్ వాళ్ళు ఫుల్ సౌండ్‌లో పెట్టేశారు. నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, ఊళ్ళు పోతున్నాయి, ఫోన్లలో మాత్రం కరాచీ పోర్టు తగలబడిపోతోంది. మనవాళ్ళు ఇస్లామాబాద్ దాకా వెళ్ళిపోయారని వెనక సీటాయన చప్పట్లు కొట్టాడు. అదంతా ఉత్తదేనని తెల్లారాక తేలింది, కానీ ఆ రాత్రి నేనూ నమ్మా. నమ్మి, సంతోషపడకుండా కడుపులో దేవినట్టయి కూర్చున్నా. అద్దంకి దగ్గర ఏసీ పాడై గంట ఆపారు. దాని గురించి చెప్పేదేం లేదు, దోమలు.

కావలిలో దిగేసరికి ఆరున్నర. బస్టాండ్ బయట టీ కొట్టాయన గ్లాసు చేతికిస్తూ, పహల్గాంలో పోయిన 26 మందిలో ఒకాయన ఈ ఊరాయనేనయ్యా అన్నాడు. తెలుసన్నా. అయినా చెప్పాడు మొత్తం. వచ్చిన ప్రతివాడికీ చెప్తున్నట్టున్నాడు.

కలిగిరి వైపు పల్లెవెలుగు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నా. ఈ దారిలో మే నెలలో చూడ్డానికేం ఉండదు. ఎండిన చేలు, తాటిచెట్లు, అక్కడక్కడా పొడుగ్గా నిలబడ్డ బ్యారన్లు, పొగాకుని వేడి పెట్టి ఆరబెట్టే కొట్లు. మా గొడవంతా ఆ బ్యారన్ గురించే. నాయన పోయాక బ్యారన్ లైసెన్సు అన్న పేరు మీదికి మారింది. సంతకం పెట్టింది నేనే, తర్వాత లెక్క అడిగిందీ నేనే. రెండెకరాల పొలం మాట దాంట్లోకి వచ్చింది, వదిన మాట వచ్చింది, నా భార్య మాట వచ్చింది. చివరికి ఇంటి మధ్యలో గోడ వచ్చింది. సిమెంటు ఇటుకల గోడ, పూత కూడా లేదు. హాలుని సగానికి కోసి, వసారా దాటి, పెరట్లో వేపచెట్టు దాకా. చెట్టు అన్న వైపు, నీడ పొద్దున నా వైపు. నా సగానికి తాళం వేసి హైదరాబాద్ వచ్చేశా.

ఇంటి ముందు నిలబడి చూస్తే నా వైపు అరుగు మీద పొగాకు బేళ్లు, గోనె కప్పి, నడుమెత్తున. నోబిడ్ పడి, అంటే ఎవరూ పాట పాడక, వేలం నుంచి తిరిగొచ్చినవి. పోయినేడు ధర చూసి ఎగబడి వేశారు, ఈ ఏడు కొనేవాడు లేడు. పాత నేనైతే అరుగు ఎవడిదని అక్కడే మొదలుపెట్టేవాణ్ణి, నిజానికి నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో చిన్నోడు లుంగీ ఎగగట్టుకుని బయటికొచ్చి నా సంచి లాక్కున్నాడు. గడ్డం గీసేసుకున్నాడు అప్పటికే.

అమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి ఇచ్చింది. ఆరేళ్ళు ఆమె దగ్గరే ఉంది. తాళం తుప్పు పట్టిపోయింది, చెవి సగం దూరి ఆగిపోయింది. తిప్పా, లాగా, చెప్పుతో కొట్టా. చిన్నోడు నవ్వుతున్నాడు. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది, కొబ్బరినూనె సీసా పట్టుకుని. గోళ్ళ చుట్టూ పొగాకు జిగురు, నల్లగా, నాయన చేతికి ఉన్నట్టే. అన్న ఏం మాట్లాడలేదు. రెండు చుక్కలు తాళంలో పోసి, చెవిని మెల్లగా అటూ ఇటూ ఆడించి, మళ్ళీ చుక్క పోసి, అలా ఐదు నిమిషాలు. టక్కుమంది. సీసా నా చేతిలో పెట్టి లోపలికి పోయాడు.

లోపల దుమ్ము గురించి చెప్పను. అక్కడ కూర్చోవడానికి లేదు కాబట్టి అందరం గోడకి అవతలే కూర్చున్నాం. వదిన మట్టిదాకలో మామిడికాయ వేసి చేపలపులుసు రాత్రే వండిపెట్టింది. పులుసు ఒకరోజు ఆగితేనే రుచి కదా, నిన్నటి పులుసు, వేడి దోసెలు. అన్న కూతురు నన్ను ఎగాదిగా చూసి "నువ్వు ఏ చిన్నాయన?" అంది. నేను వెళ్ళేటప్పటికి దానికి మూడేళ్ళు.

టీవీ మోగుతూనే ఉంది. చిన్నోడు లేచి కట్టేశాడు. "ఆ స్టూడియోలో సైరన్లు ఎందుకురా, నేను అక్కడికే పోతుండా గదా, అక్కడే వింటా" అన్నాడు. అమ్మ ఆ మాటకి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాడు మాట మార్చడానికనుకుంటా, చిన్నప్పుడు ముగ్గురం ఉదయగిరి కొండెక్కిన సంగతి ఎత్తాడు. "శ్రీకృష్ణదేవరాయలకి ఆ కోట పట్టుకోడానికి ఏడాదిన్నర పట్టింది, 1514లో పట్టాడు. మీ ఇద్దరికీ ఈ గోడ దాటడానికి ఆరేళ్ళా?" అన్నాడు. అన్న నవ్వలేదు. దోసె తుంపుతూ, నా కంచం వైపు చూసి, "పులుసు పొయ్యి వాడికి" అన్నాడు వదినతో. వాడంటే నేను.

మధ్యాహ్నమంతా చిన్నోడి బ్యాగు సర్దడం. అమ్మ కొత్త ఆవకాయ సీసా పెడుతుంది, వాడు తీస్తాడు, ఆమె పెడుతుంది. మరదలు ఇస్త్రీ చేసిన యూనిఫాం మళ్ళీ ఇస్త్రీ చేస్తోంది. ఏడవలేదు, మాట్లాడనూ లేదు. అన్న ఫోన్‌లో జమ్మూ అని కొట్టి చూస్తున్నాడు, నేనూ అదే చేస్తున్నా, ఇద్దరం ఒకే మంచం మీద చెరో చివర. ఒకసారి నా వైపు ఫోన్ తిప్పి, "ఇది నిజమేనా?" అన్నాడు. పాత వీడియో, ఎక్కడిదో. కాదన్నా. "నువ్వు చదువుకున్నోడివి, నీకు తెలుస్తది" అన్నాడు. ఈ మాటే ఆరేళ్ళ క్రితం ఎగతాళిగా అన్నాడు.

కావలి స్టేషన్‌లో పినాకినీ ఎక్కించాం. విజయవాడలో దిగి ఢిల్లీ బండి పట్టుకుంటానన్నాడు. ప్లాట్‌ఫాం మీద ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు అలాంటి బ్యాగులతోనే, చుట్టూ ఇంటివాళ్ళు. ఎవరో కుర్రాళ్ళు భారత్ మాతా కీ జై అన్నారు. చిన్నోడు సిగ్గుపడ్డాడు. రైలు కదిలాక అన్న దాంతోపాటు నాలుగడుగులు నడిచి, "చేరంగానే ఫోన్ చెయ్‌రా" అని అరిచాడు. మా అన్న అరవగా నేను విన్నది మామీదే, ఇన్నాళ్ళూ.

శనివారం సాయంత్రం ఐదింటినుంచి కాల్పులు ఆపేశారని వచ్చింది. అమ్మ వెంటనే ఫోన్ నా చేతిలో పెట్టి, వాణ్ణి దిగిపొమ్మను అంది. దిగడం కుదరదమ్మా అంటే వినదు. చివరికి వాడి ఫోన్ కలిసింది. "నాగపూర్ దాటాం. ఎవరూ వెనక్కి రమ్మనలేదు, పోతుండా" అన్నాడు. వెనక రైలు చప్పుడు, ఎవరో టీ, టీ అంటున్నారు. ఆ రాత్రి మళ్ళీ డ్రోన్లన్నారు, మళ్ళీ నిద్ర లేదు. అన్న పెరట్లో వేపచెట్టు కింద మంచం వేసి, నాకూ ఒకటి వేశాడు.

ఆదివారం పొద్దున బయల్దేరుతూ తాళం వేయబోయా. అరుగు మీద బేళ్లు చూసి, వాన వస్తే తడుస్తాయి, లోపల పెట్టుకో అన్నా. అన్న బేళ్ల మీద గోనె సర్దుతూ, తలెత్తకుండా, "లెక్కల సంగతి చిన్నోడొచ్చాక చూద్దాం" అన్నాడు. సరే అన్నా. తాళంచెవి వదినకిచ్చి కలిగిరి బస్సెక్కా.